వాషింగ్టన్ నోట్లో ఎవరి పళ్ళు?

ఫిబ్రవరి మూడో సోమవారం వస్తోందంటే అమెరికాలో మనవాళ్ళకి లాంగ్ వీకెండ్ హడావిడి మొదలవుతుంది. అందరం ప్రెసిడెంట్స్ డే అనేస్తాం కానీ, ఫెడరల్ ప్రభుత్వ లెక్కల్లో ఆ సెలవు పేరు ఇప్పటికీ వాషింగ్టన్ పుట్టినరోజే. ఆ వారం ఎలిమెంటరీ స్కూల్లో చదివే పిల్లలు ఇంటికి రెండు కథలు మోసుకొస్తారు. చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి, నాన్నగారి దగ్గర నిజం ఒప్పుకున్నాడట. పెద్దయ్యాక చెక్కపళ్ళు పెట్టుకున్నాడట.

రెండూ నిజం కావు. చెర్రీ చెట్టు కథని వాషింగ్టన్ చనిపోయిన కొన్నేళ్ళకి వీమ్స్ అనే రచయిత తన పుస్తకంలో చేర్చాడు. ఇక చెక్కపళ్ళ సంగతి. ఆయన వాడిన కట్టుడు పళ్ళలో చెక్క ముక్క ఒక్కటీ లేదు. దంతం మీద మరకలు పడి, సన్నటి పగుళ్ళు వచ్చి, చూసేవాళ్ళకి చెక్కలా కనిపించి ఉంటుందని చరిత్రకారులు అంటారు.

మరి అవి దేనితో చేసినవి? ఏనుగు దంతం, నీటిగుర్రం దంతం, ఆవు పళ్ళు, గుర్రం పళ్ళు, సీసం, ఇత్తడి. వాటితో పాటు మనుషుల పళ్ళు. ఆ మనుషులు ఎవరనే ప్రశ్న పిల్లల వర్క్‌షీటులో ఉండదు. అందుకే ఈసారి జార్జి వాషింగ్టన్ జీవితాన్ని యుద్ధాల వైపు నుంచి కాకుండా ఆయన నోటి వైపు నుంచి చెప్పుకుందాం.

వర్జీనియా కుర్రాడు

వాషింగ్టన్ 1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో పుట్టాడు. పదకొండేళ్ళకే తండ్రి పోయాడు. ఆస్తి పంపకంలో ఆ పిల్లవాడికి భూమితో పాటు పదిమంది బానిసలు వచ్చారు. పదకొండేళ్ళ కుర్రాడు పదిమంది మనుషులకి యజమాని కావడం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా అనిపించలేదు.

పెద్ద చదువులు చదవలేదు. పదహారు, పదిహేడేళ్ళకే భూములు కొలిచే సర్వేయర్ పనిలో దిగాడు. 1751లో జబ్బు చేసిన అన్న లారెన్స్‌కి తోడుగా బార్బడోస్ వెళ్ళాడు. ఆయన తన జీవితం మొత్తంలో ఉత్తర అమెరికా నేల దాటి వెళ్ళింది ఆ ఒక్కసారే. అది చెరకు తోటల దీవి. అక్కడే ఆయనకి మశూచి సోకింది. బతికి బయటపడ్డాడు. తర్వాత లారెన్స్ చనిపోవడంతో పొటోమాక్ నది ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నన్ ఎస్టేటు కొన్నాళ్ళకి ఆయన చేతికి వచ్చింది. 1759లో మార్తా కస్టిస్ అనే ధనిక వితంతువుని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మొదటి భర్త ఆస్తి వాటాగా మరో ఎనభైమందికి పైగా బానిసలు ఆయన అజమాయిషీ కిందికి వచ్చారు.

పళ్ళ బాధ మాత్రం పెళ్ళికంటే ముందే మొదలైంది. 1756లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటి పన్ను పీకించుకున్నాడు. డాక్టర్ వాట్సన్‌కి ఐదు షిల్లింగులు ఇచ్చినట్టు ఆయన లెక్కల్లో ఉంది. మత్తు ఇచ్చి పన్ను తీసే రోజులు కావవి. ఈథర్ మత్తుని జనం ముందు చూపించడానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత కూడా ఆయన డైరీల్లో, ఉత్తరాల్లో పంటి నొప్పి, చిగుళ్ళ వాపు, జ్వరం అనే మాటలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

ఆయన నోటి శుభ్రత పట్టించుకోని మనిషేమీ కాదు. లండన్ నుంచి బ్రష్షులు, పళ్ళపొడులు తెప్పించుకునేవాడు. అయినా పళ్ళు ఒక్కొక్కటిగా పోతూనే ఉన్నాయి. చిన్నప్పుడు గట్టి గింజలు పళ్ళతో కొరికి పగలగొట్టడమే కారణమని ఆయన అనుకునేవాడని జాన్ ఆడమ్స్ రాశాడు. జబ్బులకి అప్పట్లో ఇచ్చిన పాదరసం మందులు కూడా కారణం కావచ్చని తర్వాతి వాళ్ళు అన్నారు. కారణం ఏదైనా, అమెరికాలోని సంపన్నుల్లో ఒకడైన మనిషి కూడా తన పళ్ళని డబ్బుతో కాపాడుకోలేకపోయాడు.

నెప్ట్యూన్ పళ్ళు

1761 ఆగస్టులో మౌంట్ వెర్నన్‌కి చెందిన డోగ్ రన్ పొలం నుంచి నలుగురు బానిసలు పారిపోయారు. వాళ్ళ పేర్లు పెరోస్, జాక్, నెప్ట్యూన్, క్యుపిడ్. పట్టిచ్చినవాళ్ళకి బహుమానం ఇస్తానని వాషింగ్టన్ మేరీలాండ్ గెజెట్‌లో ప్రకటన వేయించాడు.

ఆ రోజుల్లో ఫోటోలు లేవు. పారిపోయినవాడిని గుర్తుపట్టాలంటే ఒంటి మీది గుర్తులే ఆధారం. అందుకే ప్రకటనలో ఒక్కొక్కరి ఎత్తు, రంగు, నడక, మచ్చలు, వేసుకున్న బట్టలు అన్నీ ఉన్నాయి. నెప్ట్యూన్ దగ్గరికి వచ్చేసరికి పళ్ళ ప్రస్తావన వస్తుంది. అతని పళ్ళు ఎడం ఎడంగా ఉంటాయని, వాడిగా అరగదీసి ఉంటాయని రాసి ఉంది. వీపు మీద భుజాల నుంచి నడుము దాకా చిన్న చిన్న చుక్కల్లాంటి గుర్తులు ఉన్నాయని కూడా ఉంది.

పళ్ళని అలా అరగదీసుకోవడం పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని కొన్ని సమాజాల ఆచారం. మన దగ్గర చెవులు కుట్టించడం, పచ్చబొట్టు పొడిపించుకోవడం లాంటిదనుకోండి. నెప్ట్యూన్, క్యుపిడ్‌లను ఆ ప్రకటనకి రెండేళ్ళ ముందే ఆఫ్రికా నుంచి వచ్చిన ఓడలోంచి కొన్నారు. అంటే ఆ పళ్ళు అతని ఊరి గుర్తు, అతని పెద్దవాళ్ళు ఇచ్చిన గుర్తు. సముద్రం దాటాక అతనితో మిగిలిన కొద్దిపాటి వాటిలో అదొకటి. వర్జీనియాలో ఆ గుర్తే అతన్ని పట్టించే ఆనవాలు అయింది.

ఆ ప్రకటన ఇచ్చిన యజమాని అప్పటికే తన సొంత పళ్ళ బాధతో సతమతమవుతున్నాడు. ఆయన నొప్పి డైరీల్లో, ఉత్తరాల్లో భద్రంగా మిగిలింది. నెప్ట్యూన్‌కి పన్ను నొప్పి వస్తే ఏం చేశాడో మాత్రం ఎక్కడా లేదు. ఒక పొలంలో బతికిన ఇద్దరు మనుషుల నోళ్ళ గురించి చరిత్ర దాచిన కాగితాల్లోనే ఇంత తేడా ఉంది.

యుద్ధం మధ్యలో పళ్ళ ఉత్తరాలు

1775లో వాషింగ్టన్ అమెరికా సైన్యానికి ప్రధాన సేనాని అయ్యాడు. ఎనిమిదేళ్ళ యుద్ధం. వ్యాలీ ఫోర్జ్ చలి, డెలావేర్ నది దాటడం, యార్క్‌టౌన్ విజయం మన పిల్లలు స్కూల్లో చదువుతారు కాబట్టి ఆ కథ మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ యుద్ధం మధ్యలో కూడా ఆయన్ని పళ్ళు వదల్లేదన్నదే ఇక్కడి సంగతి.

1781 మే నెలలో ఆయన తన దంతవైద్యుడు బేకర్‌కి ఉత్తరం రాశాడు. పళ్ళు గీకి శుభ్రం చేసుకునే పనిముట్లు పంపమని, ఇప్పట్లో ఫిలడెల్ఫియా వైపు రావడం కుదరదని దాని సారాంశం. ఆ ఉత్తరం దారిలో బ్రిటిష్ వాళ్ళకి చిక్కింది. జనరల్ క్లింటన్ కాగితాల్లో అది భద్రంగా ఉండిపోయింది. వాషింగ్టన్ న్యూయార్క్ చుట్టుపక్కలే ఉంటాడని శత్రువు నమ్మడానికి ఆ పళ్ళ ఉత్తరం కూడా కొంత సాయపడిందని కొందరు చరిత్రకారులు అంటారు. ఆ ఏడాది ఆగస్టులో ఆయన సైన్యాన్ని దక్షిణానికి నడిపించాడు. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది.

మరో ఉత్తరం 1782 క్రిస్మస్ నాటిది. ఎస్టేటు చూసుకునే బంధువు లండ్ వాషింగ్టన్‌కి రాశాడు. ఇంట్లో తన బల్ల సొరుగులో దాచిన పళ్ళు ఉన్నాయి, వాటిని వెతికి పంపమని. ఊడిపోయిన పళ్ళని కూడా పారేయకుండా దాచుకున్నాడు, కట్టుడు పళ్ళలో వాడుకోవచ్చని. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన సేనాని పరిస్థితి అది.

1784 మే 8

యుద్ధం అయిపోయింది. వాషింగ్టన్ 1783 డిసెంబరులో సేనాని పదవి వదిలేసి ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయనకి ఒక ఫ్రెంచి దంతవైద్యుడితో పరిచయం అయింది. పేరు జాన్ పియేర్ లె మేయర్. మొదట న్యూయార్క్‌లో బ్రిటిష్ అధికారులకి వైద్యం చేసి, తర్వాత అమెరికన్ల వైపు వచ్చినవాడు. ఒక మనిషి నోట్లోంచి పీకిన పన్నుని వెంటనే ఇంకో మనిషి చిగుట్లో నాటడం ఇతని ప్రత్యేకత. అప్పట్లో లండన్‌లోనూ ధనికుల్లో అదొక మోజు. ఆ పళ్ళు ఇచ్చేది ఎప్పుడూ బీదవాళ్ళే.

లె మేయర్ పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేవాడు. ముందు పళ్ళు అమ్మేవాళ్ళకి పన్నుకి రెండు గినీలు ఇస్తానని. రిచ్‌మండ్‌లో ఇచ్చిన ప్రకటనలో ఒక షరతు ఉంది. బానిసలకి ఇది వర్తించదు. అంటే ఆ ధర స్వేచ్ఛగా ఉన్న మనుషుల పళ్ళకే.

ఇక మౌంట్ వెర్నన్ పద్దుల పుస్తకానికి వద్దాం. 1784 మే 8 తేదీన ఒక పద్దు ఉంది. డాక్టర్ లె మేయర్ నిమిత్తం నీగ్రోల దగ్గర తీసుకున్న తొమ్మిది పళ్ళకి ఇచ్చిన సొమ్ము ఆరు పౌండ్ల రెండు షిల్లింగులు. డాక్టర్ పేరు స్పెల్లింగు తప్పుగా ఉంది. పళ్ళు ఇచ్చినవాళ్ళ పేర్లు తప్పుగా కూడా లేవు, అసలు లేనే లేవు. ఎంతమంది ఇచ్చారో లేదు. ఆడవాళ్ళో మగవాళ్ళో లేదు.

లెక్క కట్టి చూద్దాం. ఆరు పౌండ్ల రెండు షిల్లింగులంటే 122 షిల్లింగులు. తొమ్మిదితో భాగిస్తే పన్నుకి పదమూడున్నర షిల్లింగులు. రెండు గినీలంటే 42 షిల్లింగులు. అంటే పత్రికలో ప్రకటించిన ధరలో మూడో వంతు కూడా కాదు. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు మన పెద్దవాళ్ళు. వర్జీనియాలో రాయి సంగతేమో కానీ, పన్ను ఎవరిదన్న దాన్ని బట్టి ధర మాత్రం మారింది.

డబ్బు ఇచ్చారు కదా, ఇష్టపడే అమ్మారేమో అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ డబ్బుతో వాళ్ళు పిల్లలకి బట్టలో, ఇంకేదైనా అవసరమైనదో కొనుక్కునీ ఉండవచ్చు. కానీ వద్దంటే ఏమవుతుంది? అడిగేది వాళ్ళ శరీరం మీద చట్టప్రకారం హక్కున్న యజమాని తరఫు మనిషి. కాదనే హక్కు లేని చోట అవునన్న మాటకి ఏపాటి విలువ ఉంటుందో మనమే ఆలోచించుకోవాలి. పైగా మత్తుమందు లేని రోజుల్లో గట్టిగా ఉన్న పన్నుని పటకారుతో లాగించుకోవడం అది.

ఆ తొమ్మిది పళ్ళు వాషింగ్టన్ నోట్లోకే వెళ్ళాయా, లేక లె మేయర్ వేరే వాళ్ళకి నాటాడా అన్నది పద్దులో లేదు. అయితే ఆ ఏడాదే లె మేయర్ మౌంట్ వెర్నన్ వచ్చాడు. వాషింగ్టన్ కట్టుడు పళ్ళలో మనిషి పళ్ళు ఉన్నాయి. పద్దు ఆయన ఖాతాలోనే ఉంది. ఇంతవరకు ఆధారం ఉంది.

ప్రమాణ స్వీకారం నాటికి మిగిలింది ఒక్కటి

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో వాషింగ్టన్ అమెరికా మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ రోజుకి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే ఉంది.

ఆయన కట్టుడు పళ్ళు తయారుచేసిన వాళ్ళలో పేరున్నవాడు జాన్ గ్రీన్‌వుడ్. యుద్ధంలో కుర్రవాడిగా పిల్లనగ్రోవి ఊదిన సైనికుడు, తర్వాత న్యూయార్క్‌లో దంతవైద్యుడు అయ్యాడు. నీటిగుర్రం దంతాన్ని దవడ ఆకారంలో చెక్కి, అందులో మనిషి పళ్ళని ఇత్తడి మరలతో బిగించాడు. మిగిలిన ఆ ఒక్క పన్ను దూరేలా కింది పలకలో రంధ్రం వదిలాడు.

పై పలక, కింది పలక స్ప్రింగులతో కలిసి ఉండేవి. స్ప్రింగు ఎప్పుడూ తెరుచుకోవాలనే చూస్తుంది. కాబట్టి నోరు మూసి ఉంచాలంటే దవడలు బిగబట్టి ఉంచాలి. కాస్త ఏమరితే పలకలు బయటికి తన్నుకొస్తాయి. గట్టిగా నవ్వడానికి లేదు, హాయిగా మాట్లాడటానికి లేదు, నమలడం మరీ కష్టం. పెదవులు ఉబ్బెత్తుగా కనబడుతున్నాయని ఆయన గ్రీన్‌వుడ్‌కి ఉత్తరాల్లో మొరపెట్టుకున్నాడు. మరమ్మతుకి పంపిన పళ్ళు నల్లబడి ఉండటం చూసి, పోర్టు వైను తాగడం వల్లే అలా అయ్యాయని, వాటిని ఎలా చూసుకోవాలో గ్రీన్‌వుడ్ తిరిగి రాశాడు.

జేబులోంచి ఒక డాలర్ నోటు తీసి చూడండి. ఆ బొమ్మకి మూలం 1796లో గిల్బర్ట్ స్టువర్ట్ వేసిన చిత్రం. బిగబట్టిన పెదవులు, ఉబ్బిన నోటి చుట్టూ చర్మం. మనం దాన్ని గాంభీర్యం అనుకుంటాం. అందులో చాలావరకు కట్టుడు పళ్ళ బాధే.

ఆ 1796లోనే ఆఖరి పన్ను కూడా పోయింది. దాన్ని గ్రీన్‌వుడ్ జ్ఞాపకంగా అడిగి తీసుకుని, చిన్న పెట్టెలో పెట్టి గడియారం గొలుసుకి తగిలించుకున్నాడు. అధ్యక్షుడి ఊడిన పన్నుకి దక్కిన మర్యాద అది. అదే దేశంలో పేర్లు కూడా రాయకుండా పీకిన తొమ్మిది పళ్ళ సంగతి ముందే చెప్పుకున్నాం.

ఒకే మొక్కజొన్న, రెండు కంచాలు

పళ్ళు లేని మనిషి ఏం తింటాడు? వాషింగ్టన్ ఉదయం ఫలహారం మొక్కజొన్న పిండితో చేసిన మెత్తటి రొట్టెలు. వాటి మీద వెన్న, తేనె ధారాళంగా పోసుకుని తినేవాడు. నమలాల్సిన పని పెద్దగా ఉండదు.

అదే ఎస్టేటులో పొలం పని చేసేవాళ్ళకి ఇచ్చేదీ ప్రధానంగా మొక్కజొన్న పిండే, కొంచెం ఉప్పు చేపతో కలిపి. మిగతాది వాళ్ళు రాత్రిళ్ళు, ఆదివారాలు పెంచుకున్న కూరగాయలతో, పట్టుకున్న చేపలతో, వేటాడిన జంతువులతో సర్దుకోవాలి. ఒకే గింజ, ఒకే మిల్లు, రెండు కంచాలు. ఒక కంచం పక్కన న్యూయార్క్ దంతవైద్యుడు ఉన్నాడు, రెండో కంచం పక్కన ఎవరూ లేరు.

అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాజధాని ఫిలడెల్ఫియాకి మారింది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం అక్కడ ఆరు నెలలు వరసగా ఉన్న బానిసలు స్వేచ్ఛ కోరవచ్చు. అందుకని ఆరు నెలలు నిండకముందే వాళ్ళని రాష్ట్రం దాటించి మళ్ళీ తీసుకొచ్చేవారు. 1793లో పారిపోయిన బానిసలని పట్టుకునే చట్టం మీద ఆయనే సంతకం పెట్టాడు. 1796 మేలో మార్తా దగ్గర పనిచేసే ఓనా జడ్జ్ అనే యువతి ఆ ఇంట్లోంచి తప్పించుకుని న్యూ హాంప్‌షైర్ చేరింది. మనుషుల్ని పంపినా తిరిగి రాలేదు. మరుసటి ఏడాది, సరిగ్గా వాషింగ్టన్ పుట్టినరోజు నాడే, ఆయన వంటవాడు హెర్క్యులిస్ కూడా వెళ్ళిపోయాడు.

వాషింగ్టన్ మనసు మారలేదని కాదు. 1799 జులైలో రాసిన వీలునామాలో తన సొంత బానిసలకి మార్తా తర్వాత స్వేచ్ఛ ఇవ్వాలని, ముసలివాళ్ళని పోషించాలని, పిల్లలకి చదువు చెప్పించాలని రాశాడు. యుద్ధమంతా తన వెంట ఉన్న విలియం లీకి వెంటనే స్వేచ్ఛ, ఏటా ముప్ఫై డాలర్లు ఇమ్మన్నాడు. అమెరికాని స్థాపించిన పెద్దల్లో అంతమందికి స్వేచ్ఛ రాసిచ్చినవాళ్ళు అరుదు. ఆ మాట చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టే.

కానీ అప్పటికి మౌంట్ వెర్నన్‌లో ఉన్న 317 మంది బానిసల్లో ఆయన సొంతం 123 మందే. మిగతావాళ్ళలో ఎక్కువమంది కస్టిస్ ఆస్తి. వాళ్ళకి వీలునామా వర్తించలేదు. మార్తా 1801 జనవరి 1న భర్త బానిసలకి స్వేచ్ఛ ఇచ్చింది. ఆమె పోయాక కస్టిస్ వాటా మనుషుల్ని మనవలు మనవరాళ్ళు పంచుకున్నారు. భార్య ఒక వాటాలో, భర్త ఇంకో వాటాలో ఉన్న కుటుంబాలు చీలిపోయాయి.

వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న గొంతు వాపుతో కన్నుమూశాడు. ముగ్గురు డాక్టర్లు వచ్చి, అప్పటి పద్ధతి ప్రకారం ఒంట్లోంచి చాలా రక్తం తీసేశారు. బతికించలేకపోయారు.

ఆ తర్వాత కథ మన దాకా

ఆయన పోయిన డెబ్బై ఏళ్ళకి, 1869లో, హార్వర్డ్ డెంటల్ స్కూల్ మొదటి బ్యాచ్ బయటికి వచ్చింది. ఆరుగురిలో ఒకడు రాబర్ట్ టానర్ ఫ్రీమన్. పుట్టింది వాషింగ్టన్ నగరంలోనే, బానిసత్వం చూసిన కుటుంబంలో. అంతకుముందు వేరే కాలేజీలు ఒంటి రంగు చూసి తలుపులు వేశాయి. అమెరికాలో దంతవైద్య పట్టా పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. తర్వాత చాలాకాలం నల్లజాతి దంతవైద్యుల్లో ఎక్కువమందిని తయారుచేసినవి హోవర్డ్, మెహారీ అనే రెండు కాలేజీలు. ఈ రోజుకీ దేశంలోని డెంటిస్టుల్లో నల్లజాతివారు సుమారు నాలుగు శాతమే. జనాభాలో వాళ్ళ వాటా అంతకు మూడు రెట్లు.

పెద్దవాళ్ళ నోళ్ళలో ఆ తేడా ఇంకా కనిపిస్తూనే ఉంది. వైద్యం అందని పుచ్చుపళ్ళు ఇరవై నుంచి అరవై నాలుగేళ్ళ మధ్యవాళ్ళలో తెల్లవారికన్నా నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న వారిలో దాదాపు రెట్టింపు అని సీడీసీ చెబుతోంది. ముసలితనంలో ఒక్క పన్నూ మిగలని వాళ్ళు కూడా నల్లజాతివారిలో, బీదవారిలోనే ఎక్కువ. అది ఒంట్లో ఉన్న లోపం కాదు. ఇన్సూరెన్స్ లేకపోవడం, దగ్గర్లో క్లినిక్ లేకపోవడం, నొప్పి భరించలేనప్పుడు మాత్రమే వెళ్ళడం, అప్పటికి పీకడం తప్ప మార్గం లేకపోవడం దానికి అసలు కారణాలు.

చట్టాలు కూడా నోటిని శరీరంలో భాగంగా చూడలేదు. 1965లో మెడికేర్ పెట్టినప్పుడు మామూలు పళ్ళ వైద్యాన్ని బయట పెట్టారు. మెడికెయిడ్‌లో పిల్లలకి పళ్ళ వైద్యం తప్పనిసరి, పెద్దలకి మాత్రం రాష్ట్రం దయ. ఒబామాకేర్ తప్పనిసరి సేవల జాబితాలో పిల్లల పళ్ళు చేరాయి, పెద్దల పళ్ళు చేరలేదు.

ఇందులో మన సంగతి కూడా ఉంది. ఐటీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి కంపెనీ డెంటల్ ప్లాన్ ఉంటుంది, అదీ ఏడాదికి ఇంత అనే పరిమితితో. చాలామంది రూట్ కెనాల్‌ని ఇండియా ట్రిప్పుకి వాయిదా వేసి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకుంటారు. టికెట్టు కొనుక్కోగలం కాబట్టి అది మనకి కుదిరింది. గ్యాస్ స్టేషన్‌లో గంటల లెక్కన పనిచేసే మన తెలుగు కుర్రాడికి ఆ దారి లేదు. విజిటర్ ఇన్సూరెన్స్‌తో వచ్చిన అమ్మానాన్నల సంగతీ అంతే. ఆ పాలసీల్లో సాధారణంగా పళ్ళ వైద్యం ఉండదు. ఉన్నా ప్రమాదంలో పన్ను విరిగినప్పుడో, హఠాత్తుగా నొప్పి వచ్చినప్పుడో కొద్ది మొత్తమే ఇస్తారు. పిల్లలకి ఖర్చెందుకని నొప్పి దాచుకునే తల్లులు మన ఇళ్ళలో ఉన్నారు.

అందుకని రెండు పనులు చేయవచ్చు. పెద్దవాళ్ళని రప్పించేటప్పుడు బయలుదేరకముందే ఊళ్ళో పళ్ళు చూపించండి. ఇక్కడ అవసరమైతే దగ్గర్లోని డెంటల్ కాలేజీ క్లినిక్‌ని, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌ని కనుక్కోండి. ప్రైవేటు క్లినిక్ కంటే ఖర్చు బాగా తగ్గుతుంది. మన సంఘాల హెల్త్ క్యాంపుల్లో షుగరు, బీపీ పరీక్షలతో పాటు పళ్ళ పరీక్ష కూడా పెడితే, దాన్ని మన గుడి గోడ దాటించి చుట్టుపక్కల అందరికీ తెరిస్తే ఇంకా మంచిది.

రెండోది పిల్లల సంగతి. నార్తర్న్ వర్జీనియాలో మనవాళ్ళు వేలల్లో ఉన్నారు. మౌంట్ వెర్నన్ అక్కడికి కారులో ఎంతో దూరం కాదు. అక్కడి మ్యూజియంలో వాషింగ్టన్ కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. అది చూశాక కొండ కింద బానిసల సమాధుల చోటికి కూడా నడిపించండి. అక్కడ పడుకున్నవాళ్ళ సమాధుల మీద పేర్లు లేవు. ఈ పళ్ళు ఎవరివి నాన్నా అని పిల్లలు అడుగుతారు. చెక్కవని చెప్పి తప్పించుకోకండి.